పగడాల సీమలో పన్నెండు రోజులు

మన సినిమాల్లో విదేశీ ప్రయాణమంత సులువైన పని మరొకటి లేదు. ఊళ్ళో చెరువుగట్టుమీద హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుంటాడు. మరుక్షణంలో ఇద్దరూ ఏ మంచుకొండ మీదో, ఏ సముద్రపుటొడ్డునో తేలతారు. వీసా లేదు, విమానం లేదు, సామాను మోత లేదు. నాలుగు నిమిషాల్లో పాట అయిపోతే మళ్ళీ చెరువుగట్టే! పైగా ఖర్చంతా నిర్మాతది.

నాలాంటి ఫ్రీలాన్స్ విలేఖరికి ఆ భాగ్యం ఎక్కడిది? నా ప్రయాణానికి నిర్మాత మా శ్రీమతే.

మా శ్రీమతి మహబూబ్‌నగర్ జిల్లా అమ్మాయి. హైదరాబాదులో ఒక బడిలో సైన్సు టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆరేళ్ళుగా నెలనెలా చీటీ కడుతోంది. ఆ డబ్బు రాగానే ఇంటికి అడ్వాన్సు కట్టాలని ఇద్దరి ఆలోచనా. ఇంతలో 2025 ఆగస్టులో ఒక వార్త వచ్చింది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, ఉత్తర దక్షిణ భాగాల్లో పగడాలు ఒక్క ఏడాదిలోనే విపరీతంగా తగ్గిపోయాయట. 39 ఏళ్ళుగా లెక్కలు తీస్తున్నా ఆ భాగాల్లో ఒక్క ఏడాదిలో ఇంత తరుగుదల ఎన్నడూ చూడలేదని అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఆవిడ పేపరు మడిచి, "ఏమండీ, ఇల్లెక్కడికీ పోదు. ఆ పగడాలు మనం ముసలాళ్ళమయ్యేదాకా ఆగుతాయా?" అంది.

నాకు గుండె గుభేలుమంది. నెల జీతం లేని వాణ్ణి. చీటీ కాస్తా ఖర్చయిపోతే ఇల్లు ఇంకో ఆరేళ్ళ మాట. పైగా ఆవిడకు ఈత రాదు. సంగమేశ్వరం వెళ్ళినప్పుడు కృష్ణలో మోకాలి లోతు దాటి దిగని మనిషి. ఆ మాటే అన్నాను. "నీళ్ళంటే నాకు భయమే. కానీ ఏటా పిల్లలకు బొమ్మ గీసి చెప్పడం విసుగొచ్చింది" అంది. దసరా సెలవులకు ఐదు రోజుల ముందు వీసాలు చేతికొచ్చాయి.

నీమో దారికి ఎదురుగా

మీలో చాలామంది 'ఫైండింగ్ నీమో' చూసే ఉంటారు. 2003లో వచ్చి ఆస్కారు కొట్టిన యానిమేషన్ చిత్రం. చారల చేప పిల్ల నీమోని ఎవరో పట్టుకుపోతే, తండ్రి చేప గ్రేట్ బారియర్ రీఫ్ నుంచి సిడ్నీ దాకా వెతుక్కుంటూ వస్తుంది. దారిలో తాబేళ్ళతో కలిసి ఒక సముద్ర ప్రవాహంలో జామ్మని జారుతూ వస్తుంది చూశారూ, అది కల్పన కాదు. తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం నిజంగానే ఉంది. ఆ తీరం వెంబడే ఉత్తరం నుంచి దక్షిణానికి వెచ్చని నీటిని మోసుకొస్తుంది. మేము మాత్రం కథను వెనక్కి తిప్పాం. సింగపూర్ మీదుగా ముందు సిడ్నీలో దిగి, అక్కణ్ణుంచి పైకి, రీఫ్ వైపు ప్రయాణం కట్టాం.

సిడ్నీ మన తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 2010లో వచ్చిన రామ్‌చరణ్ 'ఆరెంజ్' కథ నడిచేది ఈ ఊళ్ళోనే. విడుదలైనప్పుడు ఆ చిత్రం నిలబడలేదు గానీ హారిస్ జయరాజ్ పాటలు నిలబడ్డాయి. 2023లో మళ్ళీ విడుదల చేస్తే కుర్రకారు థియేటర్లకు ఎగబడ్డారు. అంతకు ముందే 2001లో హిందీ 'దిల్ చాహ్‌తా హై' కూడా ఈ ఊరిని చుట్టేసింది. హాలీవుడ్ వారి 'మేట్రిక్స్' వీధులు కూడా చాలావరకూ ఇవే!

రేవులో నిలబడితే ఒక పక్క హార్బర్ బ్రిడ్జి, ఒక పక్క ఒపేరా హౌస్. బ్రిడ్జి 1932లో తెరిచారు. విల్లులాంటి ఆ ఉక్కు కమాను ఒక్కటే 503 మీటర్లు. ఊరివాళ్ళు ముద్దుగా 'బట్టలు తగిలించే హేంగరు' అంటారు. చూస్తే నిజంగా అలాగే ఉంటుంది.

ఒపేరా హౌస్ కథ మాత్రం అచ్చంగా మన సినిమా కథే. జోర్న్ ఉట్జన్ అనే డేనిష్ శిల్పి 1957లో పోటీలో నెగ్గాడు. బడ్జెట్ 70 లక్షల డాలర్లు అనుకున్నారు. పూర్తయ్యేసరికి 10 కోట్ల 20 లక్షలు! మన నిర్మాతలు వింటే అక్కడే మూర్ఛపోతారు. ఆ డబ్బులో చాలా భాగం ప్రభుత్వం లాటరీ టిక్కెట్లు అమ్మి రాబట్టింది. డబ్బు దగ్గరా, డిజైను దగ్గరా ప్రభుత్వంతో గొడవలు ముదిరి, 1966లో ఉట్జన్ సగంలోనే తప్పుకుని దేశం వదిలిపోయాడు. 1973లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించిన రోజున ఆయన లేడు. ఆ తర్వాత రాజీ కుదిరింది, గౌరవాలూ వచ్చాయి. కానీ 2008లో చనిపోయేదాకా పూర్తయిన భవనాన్ని కళ్ళారా చూడనే లేదు. తీసిన సినిమాను థియేటర్లో చూసుకోని దర్శకుణ్ణి ఊహించుకోండి! ఆ పలకల మీద చెయ్యి వేసి చూశాను. పది లక్షలకు పైగా ఉన్నాయట. దూరానికి తెల్లగా కనిపిస్తాయి గానీ దగ్గరికెళితే మీగడ రంగువి కొన్ని, మెరిసేవి కొన్ని.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైనే. కాబట్టి మా శ్రీమతికి బతుకమ్మ తప్పిపోయిందన్న బెంగ కూడా లేకుండా పోయింది. సిడ్నీ శివార్లో ఒక బడి హాల్లో మన ఆడపడుచులు బతుకమ్మ ఆడుతుంటే వెళ్ళి చేరింది. తంగేడు దొరకదు గదా, దుకాణంలో కొన్న చామంతులతోనే పేర్చారు. ఇక్కడ మనకు వానలు వెనకపట్టే రోజులు, అక్కడ వసంతం. ఆ సంగతి ఒంటికి తెలియడానికి రెండు రోజులు పట్టింది.

సిరాజ్ ఊదేసిన కోట

సిడ్నీ నుంచి బ్రిస్బేన్. క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి రాజధాని. పెద్ద నది ఊరి మధ్యన మెలికలు తిరుగుతుంది. ఆ నదిమీద సిటీ బస్సుల్లాగా పడవలు నడుస్తాయి. బస్సుకైనా, రైలుకైనా, ఆ పడవకైనా టిక్కెట్టు 50 సెంట్లు! 2024లో పెట్టిన ఈ ధర మాలాంటివాళ్ళకు వరం. రెండు రోజులూ పని ఉన్నా లేకపోయినా పడవెక్కి తిరిగాం.

బ్రిస్బేన్ వెళ్ళి గాబా మైదానం చూడకుండా హైదరాబాదీ అనేవాడు వెనక్కి రాకూడదు. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఇక్కడ టెస్టు ఓడిందే లేదు. 2021 జనవరిలో మనవాళ్ళు ఆ కోటను కూల్చారు. రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీసింది మన మహమ్మద్ సిరాజ్. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి, సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగానే 2020 నవంబరులో పోయాడు. ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయిన కుర్రాడు ఆ రోజు బంతి పైకెత్తి చూపించాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో 328 కొట్టాలంటే పంత్ 89తో చివరిదాకా నిలబడి గెలిపించాడు. ఏ రచయితైనా ఇలా రాసుకెళితే 'మరీ సినిమాటిక్‌గా ఉందయ్యా' అని నిర్మాత కొట్టేసి ఉండేవాడు. గేటు బయట నిలబడి ఫోటో తీయించుకున్నాను. మా శ్రీమతికి క్రికెట్ పట్టదు. "అయిందా?" అంది.

బ్రిస్బేన్ కింద గోల్డ్‌కోస్ట్ ఉంది. అక్కడి స్టూడియోల్లో 'థోర్ రాగ్నరాక్', 'ఆక్వామాన్' లాంటి భారీ చిత్రాలు తీశారు. జార్జి క్లూనీ, జూలియా రాబర్ట్స్ జంటగా 2022లో వచ్చిన 'టికెట్ టు పేరడైజ్' చూశారా? బాలీ ద్వీపమని మనకు చూపించింది ఈ క్వీన్స్‌లాండ్ తీరమే!

అక్కణ్ణుంచి కెయిర్న్స్ దాకా రైలు. దూరం 1,681 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎక్కితే మర్నాటి సాయంత్రానికి దింపింది. రాత్రికి రాత్రే మకరరేఖ దాటేశాం. తెల్లవారి చూస్తే కిటికీ బయట గంటల తరబడి చెరుకుతోటలే. ఆ పచ్చదనం వెనుక చేదు కథ ఒకటుంది. 1863 నుంచి 1904 దాకా పసిఫిక్ దీవుల నుంచి సుమారు 62 వేలమందిని ఈ తోటలకు తెచ్చారు. ఎందరినో మాయచేసి, కొందరిని బలవంతంగా ఎత్తుకొచ్చి పని చేయించారు. సిడ్నీలోని చక్కెర కంపెనీయే ఫిజీలో మిల్లులు నడిపింది. మన తెలుగు కూలీలు మద్రాసు రేవులో ఓడెక్కి వెళ్ళింది ఆ ఫిజీ చెరుకు తోటలకే. అంతదూరంలో కూడా చెరుకును చూస్తే మనవాళ్ళు గుర్తుకు రావడం చిత్రమే.

కొమ్ముపక్షి రాజ్యం

కెయిర్న్స్ సముద్రతీరపు ఊరే గానీ ఊరిముందు సముద్రంలో దిగడానికి వీల్లేదు. అంతా బురద, పైగా మొసళ్ళు. అందుకని జనం స్నానాలకు ఒడ్డునే పెద్ద కొలను కట్టారు. మా శ్రీమతి రెండు సాయంత్రాలు అందులో నడుం లోతున నిలబడి ముఖం నీళ్ళలో ముంచడం సాధన చేసింది. నోట్లో గొట్టం పెట్టుకుని ఊపిరి పీల్చడం అలవాటు కావాలి కదా! పక్కన మూడేళ్ళ పాప ఒకతె ఆవిడకు పాఠాలు చెప్పింది.

మర్నాడు డెయిన్‌ట్రీ అడవికి బయలుదేరాం. మొదట మాస్మన్ లోయ. అక్కడి మూలవాసులు కుకు యలంజి జాతివారు. వారిలో ఒకాయన ముందుండి నడిపించాడు. అడుగు పెట్టేముందు పొగ వేసి, అడవిలోని పెద్దల అనుమతి అడిగాడు. కొన్ని ఆకులు నీళ్ళతో నలిపి చేతిలో నురుగు తెప్పిస్తే, "మన కుంకుడుకాయ లాగే!" అని మా శ్రీమతి సంబరపడింది. 2021 సెప్టెంబరులో డెయిన్‌ట్రీ జాతీయవనాన్ని ప్రభుత్వం ఈ జాతివారికే తిరిగి ఇచ్చేసింది. ఎన్ని వేల ఏళ్ళ ఇల్లో, కాగితం మీదికి ఇప్పటికి వచ్చింది.

తర్వాత డెయిన్‌ట్రీ నది. వంతెన లేదు. ఇనుపతాడు లాగుతుంటే కదిలే పంటు మీద కారుతో సహా దాటాలి. ఒడ్డున బోర్డు: మొసళ్ళున్నాయి, నీటి అంచుకు రావద్దు. అవతలికి వెళితే ఫోన్లకు సిగ్నల్ మాయం. అడవి రెండువైపులా గోడలా కమ్ముకుంటుంది.

ప్రపంచంలోని అతి పురాతనమైన వానడవుల్లో ఇది ఒకటి. పువ్వులు పూసే చెట్ల తొలి వంశాలు ఇంకా ఇక్కడ బతికే ఉన్నాయి. 'ఇడియట్ ఫ్రూట్' అనే కాయ ఒకటుంది. అలాంటి చెట్టు అంతరించిందనే అనుకున్నారు. 1971లో కొన్ని పశువులు చచ్చిపోతే, కడుపులో ఈ విషపు గింజలు దొరికాయి. అప్పుడు తెలిసింది అది బతికే ఉందని! ముళ్ళతో చొక్కా పట్టుకుని వదలని ఒక తీగ ఉంది. దాన్ని 'కాస్సేపాగు' అని పిలుస్తారు. మరో పేరు 'లాయరు తీగ'. ఒకసారి చేతికి చిక్కితే లాయరు ఊరికే వదలడు గదా!

ఇక ఇక్కడి హీరో కాసోవరీ. మనిషంత ఎత్తు పక్షి. నెత్తిన కొమ్ములాంటి టోపీ, నీలం మెడ, కాలికి కత్తిలాంటి గోరు. గుడ్లు పెట్టి ఆడపక్షి వెళ్ళిపోతుంది. పొదిగేదీ, పిల్లల్ని వెంటేసుకు తిరిగేదీ మగపక్షే. పెద్ద పెద్ద కాయలు మింగి గింజల్ని దూరదూరాలకు చేరవేసేది కూడా ఇదే. ఇది లేకపోతే చాలా చెట్లకు వారసులు ఉండరు. మాకు దారికి అడ్డంగా ఒకటి కనిపించింది, వెంట మూడు చారల పిల్లలు. కారు ఆపేసి ఊపిరి బిగపట్టి కూచున్నాం. అది మావంక ఒక్క చూపు చూసి, తొందరేమీ లేకుండా పొదల్లోకి వెళ్ళిపోయింది. "చూశారా, పిల్లల పెంపకం ఎవరిదో!" అంది మా శ్రీమతి. నేను రోడ్డు చూస్తూ ఉండిపోయాను.

రోడ్డు కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర సముద్రాన్ని తాకుతుంది. ఆ పేరుకు 'కష్టాల అంతరీపం' అని అర్థం. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ ఇక్కడికి దగ్గర్లోనే పగడపు దిబ్బకు గుద్దుకుంది. ఇక్కడే తన కష్టాలు మొదలయ్యాయని ఆయన ఆ పేరు పెట్టాడు. 1983లో ఈ అడవిని చీల్చుకుంటూ రోడ్డు వేయబోతే, జనం బుల్‌డోజర్లకు అడ్డంగా నిలబడ్డారు. కొందరు మెడదాకా మట్టిలో పూడ్చుకున్నారు. రోడ్డు ఆగలేదు గానీ ఆ గొడవ దేశమంతా తెలిసింది. 1988లో ఈ అడవులు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను కొండచరియలు విరిచిన గుర్తులు దారిపొడుగునా ఇంకా ఉన్నాయి.

ఆ నీళ్ళ కింద

రీఫ్‌కు వెళ్ళాల్సిన రోజున గాలి ఎక్కువగా ఉందని పడవ రద్దయింది. మిగిలింది ఒక్క రోజు! అది కూడా పోతే చీటీ డబ్బుకు మాకు మిగిలేది కాసోవరీ ఫోటోలే. ఆ రాత్రి ఆవిడ మూడుసార్లు లేచి కిటికీ తీసి కొబ్బరాకులు ఊగుతున్నాయేమో చూసింది.

తెల్లవారేసరికి గాలి తగ్గింది. రెండు గంటల ప్రయాణం. సగం మంది కాగితం సంచుల్లో తల పెట్టుకున్నారు. రీఫ్ అంచున నీటిమీద తేలే వేదిక ఉంటుంది, అక్కడ దింపారు. ఒంటికి అతుక్కునే నీలం సూటు, పైన లైఫ్‌జాకెట్, కళ్ళకు అద్దాలు. చూస్తే ఇద్దరం సైన్స్‌ఫిక్షన్ సినిమాలో జూనియర్ ఆర్టిస్టుల్లా ఉన్నాం.

ఆవిడ మెట్టుమీద కూచుంది. కాళ్ళు నీళ్ళలో. పది నిమిషాలైంది. ఇరవై అయింది. "మీరెళ్ళి చూసి రండి, నాకు చెబుదురు గానీ" అంది చివరికి. నేను కదల్లేదు. అక్కడి లైఫ్‌గార్డు అమ్మాయి పెద్ద రబ్బరు చక్రం ఒకటి తెచ్చి ముందు పెట్టింది. "దీన్ని పట్టుకోండి, నేను లాగుతాను. మీరు కిందికి చూస్తే చాలు" అంది. మా శ్రీమతి నా వంక చూసింది. తర్వాత మెళ్ళో నల్లపూసలు సూటులోకి దోపుకుని, ముఖం నీళ్ళలో ముంచేసింది.

ఆ పైన నలభై నిమిషాల దాకా ఆవిడ తల పైకెత్తితే ఒట్టు!

కింద ఏముందో చెప్పమంటారా? జింక కొమ్ముల్లాంటి పగడాలు, మెదడులాంటివి, విసనకర్రల్లాంటివి, బల్లల్లాంటివి. గోధుమరంగు, ఊదా, లేత ఆకుపచ్చ. చిలక ముక్కుతో పగడాన్ని కొరికే చేపలు... టక్కుటక్కుమని ఆ చప్పుడు చెవికి వినిపిస్తుంది. ఒక పూలకుచ్చులాంటి జీవిలోంచి మన నీమో తొంగిచూశాడు. అన్నట్టు మీకో రహస్యం. ఈ చేపల్లో తల్లి చచ్చిపోతే తండ్రి చేపే ఆడచేపగా మారిపోతుంది! ఆ లెక్కన సినిమాలో తండ్రి కొడుకును వెతికేసరికి తల్లి అయిపోవాలి. పిల్లల సినిమా కదా, ఆ ముక్క వదిలేశారు.

కానీ పక్కనే ఇంకో దృశ్యం ఉంది. కొంత మేర పగడాలన్నీ బూడిదరంగు పాచి పట్టి, విరిగిన కొమ్మల్లా పడి ఉన్నాయి. చేపలు కూడా అటు పోవడం లేదు. రెండూ పది బారల దూరంలోనే.

పగడం అంటే రాయి కాదు, పువ్వూ కాదు. వేలాది చిన్న చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఊరు. ఆ జీవి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఎండలో అది వండిన చక్కెరతోనే పగడం బతుకుతుంది. ఆ రంగులు కూడా చాలావరకు దానివే. వేసవిలో ఉండే గరిష్ఠ వేడికి ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. ఎముక తెల్లగా బయటపడుతుంది. దీన్నే తెల్లబారడం అంటారు. వెంటనే చావదు. నీళ్ళు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. ఆలస్యమైతే ఆకలితో పోతుంది. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025... రీఫ్ పెద్దఎత్తున తెల్లబారిన సంవత్సరాలివి. మధ్యలో కోలుకునే వ్యవధి చూడండి, ఎలా తగ్గిపోతోందో!

పైకొచ్చాక మా శ్రీమతి నల్లపూసల్లోని రెండు పగడాలనూ వేళ్ళతో తిప్పుతూ కూచుంది. అవి ఈ జాతివి కావులెండి. నగల్లో వాడే ఎర్రపగడం వేరు, అది మధ్యధరా సముద్రపు లోతుల్లోది. "ఇన్నాళ్ళూ ఇది రత్నమనుకున్నాను. ఒకప్పుడు ప్రాణమున్నదేనన్నమాట" అంది. కాసేపాగి, "మనం వచ్చిన విమానం పొగ కూడా ఈ వేడిలో ఉందంటారా?" అని అడిగింది. ఉంది. అదే చెప్పాను. ఇంకేం చెప్పను?

పడవలో తిరిగొస్తుంటే అక్కడి జీవశాస్త్రజ్ఞుడు చెప్పిన కథ ఒకటి మీకు చెప్పాలి. 1967లో ఎలిసన్ రీఫ్ అనే దిబ్బను 'ఎలాగూ చచ్చిందే గదా' అని సున్నం కోసం తవ్వుకోవడానికి అనుమతి అడిగారు. దానికి అడ్డం నిలిచింది ఎవరనుకున్నారు? జాన్ బ్యూస్ట్ అనే చిత్రకారుడు, జూడిత్ రైట్ అనే కవయిత్రి, లెన్ వెబ్ అనే అడవుల శాస్త్రజ్ఞుడు! విద్యార్థులచేత ఈదించి, ఆ దిబ్బ చావలేదని కోర్టులో రుజువు చేయించారు. అనుమతి కొట్టేశారు. ఆ పోరాటం పెరిగి పెరిగి 1975లో సముద్రవనం ఏర్పడింది, 1981లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. 2,300 కిలోమీటర్ల పొడుగునా ఈ మాత్రం మిగిలిందంటే ఒక బొమ్మలేసేవాడూ, ఒక కవిత్వం రాసేదీ పూనుకోబట్టే.

పన్నెండు రోజులూ అయిపోయాయి. చీటీ డబ్బులో మిగిలింది చెప్పుకోదగ్గంత లేదు. ఇల్లు ఇంకో ఆరేళ్ళ మాట. మా శ్రీమతి దసరా సెలవుల తర్వాత బడికెళ్ళిన మొదటి రోజే ఎనిమిదో తరగతికి బొమ్మ గీయకుండా పగడం పాఠం చెప్పిందట. ఒక కుర్రాడు "టీచర్, మేం పెద్దయ్యేసరికి ఉంటుందా?" అని అడిగాడట. "ఉండేలా చూద్దాం" అని చెప్పి వచ్చానంది.

మీలో ఎవరికైనా వెళ్ళే వీలుంటే మే నుంచి అక్టోబరు లోపల వెళ్ళండి. నవంబరు మొదలైతే ఆ తీరాన విషపు జెల్లీచేపలు తిరుగుతాయి. రీఫ్‌కు ఒక్క రోజే పెట్టుకోకండి, గాలి ఎవరి మాటా వినదు. పగడాన్ని ముట్టుకోకండి, తొక్కకండి. ఈత రాదని మాత్రం మానుకోకండి. రబ్బరు చక్రం ఇస్తారు!